మెడలో జీడిగింజ

చలికాలం మొదలయ్యేసరికి నా మోచేతుల మడతలు గరుకెక్కుతాయి. డెబ్బై దాటిన ఈ ఒంటికి పిలవకపోయినా ఏటా వచ్చే చుట్టం ఇదొక్కటే. పిల్లలు తెచ్చిచ్చిన క్రీములు అలమారలో ఓ వరస ఉన్నాయి. స్నానం కాగానే తడి ఆరకముందు ఒకటి, పడుకునే ముందు ఒకటి, దురద మరీ ప్రాణం తీస్తుంటే ఇంకొకటి. అన్నీ చెప్పినట్టే రాస్తాను, డాక్టరు మీద నాకేం కోపం లేదు. కానీ ఆఖరున ఒక చుక్క కానుగ నూనె కూడా రాస్తాను. "ఏం కంపు అత్తయ్యా అది!" అని మా కోడలు ముక్కు మూసుకుంటుంది. మూసుకోనీ. ఆ వాసన లేచిందంటే నా మోచేతి మీద నావి కాని వేళ్లు కదులుతాయి. అరవై ఏళ్లు దాటినా కదులుతూనే ఉన్నాయి. అవి ఎవరి వేళ్లో ఈ ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేను.

మాది పాలమూరు జిల్లాలో ఆత్మకూర్ దగ్గర ఊరు. సాగర్ కాలువ పనులు సాగుతున్న ఏళ్లవి, నాకు ఎనిమిదో ఏడు. నా చర్మం పుట్టినప్పటినుంచీ అంతేనట. పెద్ద రోగమేం కాదు. మోచేతుల మడతల్లో, మోకాళ్ల వెనక అరచేయంత మేర ఎర్రగా పొడిబారి, గీరితే పొట్టు రాలేది. వానలకు తగ్గేది, చలికి మళ్లీ వచ్చేది. ఇప్పుడు ఎగ్జిమా అంటున్నారు. అప్పట్లో నోటికొచ్చిన పేరు పెట్టేవాళ్లు. గజ్జి అన్నవాళ్లూ ఉన్నారు, వాళ్ల నోట్లో మన్ను పడ! గజ్జయితే పక్కన పడుకున్న వాళ్లందరికీ అంటుకోదూ? నా పక్కన రోజూ పడుకున్న మా మేనత్తకు ఏనాడూ ఏమీ కాలేదు.

మేనత్త అంటే మా బాపు చెల్లెలు. పిల్లలు కాలేదని మొగుడు ఇంకొకామెను తెచ్చుకొని ఈమెను పుట్టింటికి తోలేశాడు. అప్పటినుంచీ మా ఇంట్లోనే ఉండేది. పొలం పని, పశువుల పని, ఇంటి పని అన్నీ ఆమెవే. వాటి మధ్యలో నా ఒళ్లు కూడా ఆమె పనే అయింది. వేపాకు వేసి కాచిన నీళ్లు గోరువెచ్చగా అయ్యాకే పోసేది. సబ్బు ముట్టనిచ్చేది కాదు, పెసరపిండి రుద్దేది. నా గోళ్లు పెరగనిచ్చేది కాదు. గొంగడి ఉన్ని గుచ్చుకుంటుందని, నాకు కప్పేటప్పుడు లోపల బాపు పాత ధోవతి పరిచేది. ఒళ్లు తుడిచీ తుడవకముందే గడప పక్క బండ మీద కూర్చోబెట్టుకొని, వెచ్చచేసిన కానుగ నూనె మెల్లగా అద్దేది. ఇవాళ నా డాక్టరు కాగితం మీద రాసిచ్చే జాగ్రత్తలన్నీ ఆమె ఎవరూ చెప్పకుండానే చేసింది.

"ఏమే తాబేలు పిల్లా, నీ తోలు ఎప్పుడు మెత్తవడ్తదే?" అనేది.

"నువ్వు నూనె రాస్తె మెత్తవడ్తది" అనేదాన్ని.

"అయితె సచ్చేదాక రాయాల్నా నేను?"

"ఆ, రాయాలె."

ఆ మాటకు ఆమె ఎంత మురిసిపోయేదో! రాయడానికి ఒక పిల్ల ఒళ్లుంటే చాలు ఆమెకు, ఆ ఇంట్లో ఇంకేమీ అడగలేదు.

ఆ ఏడు మా అమ్మకు పుట్టిన మగపిల్లవాడు పదిరోజులైనా బతకలేదు. అమ్మ మనిషి మారిపోయింది. ఎవరన్నా నన్ను ముద్దుచేస్తే చటుక్కున లాక్కునేది. చలికి నా చేతులు ఎప్పటిలాగే ఎర్రబడితే, "పిల్ల మీద కండ్లు వడ్డయి, నాకున్నది గీ ఒక్క బిడ్డ" అని ఏడ్చింది. ఎవరి కళ్లో చెప్పలేదు. చెప్పనక్కర లేదు. పిల్లలు లేని ఆడది ఇంట్లో ఒక్కతే ఉంది.

బాపు తల్లి, మా అవ్వ, కోడలి బాధ చూడలేక ఒక నల్లజీడి గింజ తెచ్చింది. బట్టలుతికే వాళ్లు గుర్తు పెట్టే గింజ అదే. దాని రసం బట్టకు పడితే ఎన్ని ఉతుకులకూ పోదు. మా వైపు దాన్ని దిష్టికి పిల్లలకు కడతారు. అవ్వ కాల్చిన సూదితో గింజను పొడిచి, నల్లదారం ఎక్కించి నా మెడలో వేసింది. "ఇగ ఏ కండ్లు ఏం జేస్తయో సూస్త" అంది.

నాలుగు రోజులకు మెడ కింద పొక్కులు లేచాయి. నేను ఊరుకుంటానా? ఆ గింజను వేళ్లతో నలిపేదాన్ని, అదే చేత్తో మోచేతులు గీరుకునేదాన్ని. అక్కడా పొక్కి నీరు కారింది. గౌను గుడ్డ పుండుకు అంటుకుపోయి, విప్పుతుంటే కేకలు పెట్టేదాన్ని.

మేనత్త ఒకరోజు నూనె రాస్తూ రాస్తూ ఆగిపోయింది. గింజను ఎత్తి దాని కింద చూసింది. పక్కకు జరిపి మళ్లీ చూసింది. పొయ్యి దగ్గరున్న అమ్మతో, "వదినా, గీ గింజ తగిలిన కాడనే ముందుగాల పొక్కుతాంది. జర తీసి సూద్దమా?" అంది.

అమ్మ లేచి నిలబడింది. "తీస్తె నీకు మంచిగుంటదా?"

అంతే. అవ్వ తన కూతురి వైపు కన్నెత్తి చూడలేదు. కళ్లను అడ్డుకునే గింజను తీయమంటున్నది ఆ కళ్లున్న మనిషే అనుకున్నారు.

మర్నాడు పెరట్లో మేనత్త గింజను దారం నుంచి తెంపేసింది. ఖాళీ దారం నా మెడలోనే ఉంచి, గౌను కిందికి తోసింది. గింజను కోళ్లగూడు వెనక సందులో దాచింది. నా గడ్డం పట్టుకొని, "బిడ్డా, జీడి నీ ఒంటికి పడ్తలేదు. గందుకే తీస్తున్న. మానినంక మనమే మీ అమ్మకు సూపెడ్దం. గప్పటిదాంక ఎవ్వరికి చెప్పకు" అంది. నేను తలూపాను. నాకు బాగా అర్థమైంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, నాకు బాగా అర్థమైంది.

వారం దాటేసరికి పొక్కులు ఎండి పక్కు కట్టాయి. రాత్రులు నిద్ర పట్టింది. ఇంకో రెండు రోజులు ఆగి ఉంటే అయిపోయేది. ఈలోగా ఆదివారం అమ్మ నాకు తలకు పోయడానికి గౌను విప్పింది. దారానికి గింజ లేదు.

"ఎవరు తీసిండ్రే?"

"అత్త."

"ఎందుకు తీసింది?"

మేనత్త నూనె గిన్నె పట్టుకొని గడపలో నిలబడి ఉంది. నావైపే చూస్తోంది. ఆమె ముఖంలో భయం లేదు. నేను చెబుతాను కదా అనే ధీమా ఉంది. ఆ ముఖం నన్ను ఇప్పటికీ వదల్లేదు. అమ్మ చేయి నా జబ్బను గట్టిగా పట్టుకొని ఉంది.

"ఎర్కలేదు" అన్నాను.

"సూసినవా నీ చెల్లె కత?" అని అమ్మ బాపు మీద పడింది. మేనత్త నూనె గిన్నెతో వెనక్కి తిరిగి పశువుల కొట్టంలోకి పోయింది. ఆ పూటే అవ్వ కొత్త గింజలు రెండు కట్టింది. మూడో రోజుకు నా మెడ మళ్లీ పొంగింది, ఈసారి ఇంకా ఎక్కువగా. గింజ తీసిన నాడే కళ్లు తగిలాయన్నారు. ఇంత గట్టి సాక్ష్యం దొరికాక ఇంక ఎవరు మాట్లాడతారు? మేనత్త నన్ను ముట్టొద్దన్నారు. అన్నం కొట్టం దగ్గరికే పంపేవాళ్లు. బాపు తల దించుకొని తిన్నాడు, తల దించుకొని పొలం పోయాడు. ఆయన మంచివాడే అంటారు అందరూ. ఆ మంచితనం తలుచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది.

కొన్నాళ్లకు మా ఊరినుంచి సాగర్ కాలువ మట్టిపనికి ఒక గుంపు బయలుదేరింది. మేనత్త వాళ్లతో పోయింది. పొద్దున్నే మూట చంకన పెట్టుకొని వచ్చి, నూనె గిన్నెను గడప పక్క బండ మీద పెట్టింది. అమ్మ నన్ను తన వెనక్కి లాక్కుంది. "తడి ఆరకముందే రాయాలె వదినా" అని చెప్పి వెళ్లిపోయింది. అవ్వ లోపలి గదిలో నోట్లో కొంగు కుక్కుకొని ఏడ్చింది.

ఆ మరుసటి వారం బాపు నన్ను ఆత్మకూర్ దవాఖానకు తీసుకుపోయాడు. కంపౌండరు నా మెడ చూసి, "మలాం రాయాలంటె గివన్నీ అడ్డం" అని కత్తెరతో దారాలు కత్తిరించి బయట పారేశాడు. తెల్లటి మలాం డబ్బీ ఒకటి ఇచ్చాడు. పదిరోజుల్లో మెడ మానింది. "ఆమె పోయింది, పిల్ల ఒళ్లు బాగయింది" అంది అమ్మ. ఊరంతా అదే అంది. మళ్లీ గింజ కట్టే పని లేదన్నారు, కళ్లు ఇంట్లో లేవు కదా. నేను కూడా నమ్మాను. కాదు, అబద్ధం! నమ్మినట్టు ఉండటం నేర్చుకున్నాను. తర్వాత అది కూడా మరిచిపోయాను.

పెళ్లయ్యాక హాలియా వెళ్లాను. మా ఆయనకు సాగర్ కాలువ ఆఫీసులో నౌకరీ. అక్కడ పది ఇళ్ల బట్టలు ఒకామె ఉతికేది. కలిసిపోకుండా గుర్తు పెట్టేది. ఒకసారి ఆమె గుర్తు పెట్టి ఉతికి తెచ్చిన కొత్త రవికె తొడుక్కున్న రెండో రోజు నా మెడ వెనక పొక్కింది. ఆమె చూసి లెంపలు వేసుకుంది. "అయ్యో అమ్మా, నీకు జీడి పడదు! నాకు ముందుగాల చెప్పొద్దా?" అంది.

నీకు జీడి పడదు. చిన్నప్పుడు పెరట్లో ఇంకొకరు చెప్పిన మాట అది.

పాలమూరు వాళ్ల గుడిసెలు కాలువ గట్టు వెంట ఎక్కడెక్కడ ఉన్నాయో మా ఆయనను అడిగి తెలుసుకున్నాను. కానుగ నూనె సీసా తీసుకొని మూడు చోట్ల వెతికాను. మూడో చోట, ఒక గుడిసె ముందు తట్ట బోర్లించి కూర్చున్న మనిషి లేచి నిలబడింది. జుట్టు నెరిసింది. అరచేతులు పగిలి మట్టి ఇంకిపోయింది.

"తాబేలు పిల్లా" అంది.

"అత్తా, అది జీడిగింజ వల్లనే. నువ్వు కాదు" అన్నాను. దారంతా కూడబెట్టుకున్న మాటలు అవే.

"నాకెర్కనే గద బిడ్డా. నీకు జెప్పింది నేనే గద." కోపం లేదు ఆ గొంతులో. కాలువ వైపు చూస్తూ అడిగింది, "గప్పుడు మీ అమ్మ అడిగితె గట్లెందుకన్నవ్?"

"ఎర్కలేదు అత్తా."

అదే మాట మళ్లీ నా నోట్లోంచి వచ్చింది. ఈసారి నిజంగానే తెలియదు. ఇప్పటికీ తెలియదు.

నేను సీసా మూత తీసి, చేయి చాపి ఆమె ముందు కూర్చున్నాను. మోచేతి మడత చలికి పగిలి ఉంది. ఆమె వంగి చూసింది. చేయి ముందుకు వచ్చింది కూడా. అప్పుడు ఆమె చూపు నా కడుపు మీద పడింది. నాకు ఐదో నెల. ఆమె చటుక్కున రెండు చేతులూ కొంగులో చుట్టేసుకొని, ముఖం పక్కకు తిప్పుకుంది.

"నీళ్లోసుకున్నవ్ గద. వద్దు బిడ్డా. ఏమో, నిజంగనే నా కండ్లల్ల ఏమన్న ఉంటదేమో. నువ్వే రాసుకో."

ఎంత బతిమాలినా ఆమె ఆ చేతులు బయటికి తీయలేదు. ఆమె అటు తిరిగి కూర్చుంది, నేనే రాసుకున్నాను.