పన్నెండు సెకన్ల నుంచి భద్రాచలం దాకా

ఆ రోజు మా బస్సు పాల్వంచ దాటి అడవిదారి పట్టింది. నేను కండక్టర్‌ని, పేరు సరోజ. వైరల్ ఫీవర్ తగ్గి పది రోజులైంది. టికెట్ మిషన్ మీదికి తల వంచానో లేదో, కడుపులో దేవినట్లయింది. కిటికీలోంచి చెట్లన్నీ నా మీదికే దూసుకొస్తున్నాయి. బస్సు ఆపించి రోడ్డు పక్కన వాంతి చేసుకున్నాను.

"జ్వరం నీరసం అయ్యుంటది చెల్లె, జర కూసో," అన్నాడు డ్రైవర్ రాములన్న. నేనూ అదే అనుకున్నాను.

ఆ వికారం పోలేదు. వారం తిరిగేసరికి తిరిగే ఫ్యాన్‌ను చూడలేను, ఫోన్ తెర జరిపితే వికారం, మంచం మీద పక్కకు ఒత్తిగిలినా వికారం. సెలవు పెట్టాను. మా ఆయన వెంకన్న టైలర్. నా కోసం ఉక్కపోతలోనూ ఫ్యాన్ ఆపేసి, చెమటలు కక్కుతూ బట్టలు కుట్టేవాడు.

కొత్తగూడెంలో రక్తపరీక్షలు, ఖమ్మంలో ఎండోస్కోపీ, ఎమ్మారై. అన్నీ నార్మల్! "టెన్షన్ తగ్గించుకోండమ్మా," అన్నారు ఇద్దరు డాక్టర్లు. మా తోడికోడలైతే "డ్యూటీ ఎగ్గొట్టే ఏషాలు" అందట. ఆ మాటకు రెండు రోజులు ఏడ్చాను.

మూడో డాక్టర్ న్యూరాలజిస్ట్. నన్ను అటూ ఇటూ నడిపించి, కళ్ల కదలిక చూసి, ఎవరూ అడగనిది అడిగారు. "ఏ కదలికకు వస్తున్నదమ్మా?"

నేను ఆగకుండా చెప్పుకుపోయాను. అంతా విని అన్నారు, "జ్వరం లోపలి చెవి నరాన్ని తాకిందేమో. గట్టిగా చెప్పలేను. అయితే మీ బ్రెయిన్ ఇప్పుడు కదలికను నమ్ముతలేదు. పడుకుంటే ఇది పోదు. కొంచెం కొంచెం కదిలి దానికి మళ్లీ నేర్పాలె."

వెస్టిబ్యులర్ ఫిజియోథెరపీ అట, ఒంటి బ్యాలెన్స్‌ను సరిచేసే వ్యాయామాలు! బొటనవేలిని చూస్తూ తల అటూ ఇటూ తిప్పాలి. "వికారం పదికి మూడు దాటితే ఆపెయ్ అక్కా," అంది ఫిజియోథెరపిస్ట్ లక్ష్మి. మొదటి రోజు పన్నెండు సెకన్లే చేయగలిగాను. వారానికి ఇరవై! "ఏమయ్యా, ఇరవై!" అని నేను అరిస్తే వెంకన్న కత్తెర వదిలేసి పరిగెత్తుకొచ్చాడు.

రెండో నెలలో అత్యాశకు పోయాను. మేనకోడలి నిశ్చితార్థమని టేకులపల్లికి ఆటోలో బయల్దేరి, ఊరు చేరకముందే మూడుసార్లు వాంతి చేసుకున్నాను. మూడు రోజులు మంచం దిగలేదు. అంతా పోయిందని లక్ష్మికి ఫోన్ చేసి ఏడ్చాను.

"ఏం పోలేదక్కా. ఎంత దూరం ఎక్కువైతదో తెలిసింది. సగానికి తగ్గించి మళ్ల మొదలువెట్టు."

మొదలుపెట్టాను. ముందు డిపోలో ఆగివున్న బస్సులో నిలబడ్డాను. తర్వాత ఇంజన్ ఆడుతున్న బస్సులో. తర్వాత ఒక్క స్టేజీ దూరం, ఆపైన పాల్వంచ దాకా. ఆరో నెలలో డ్యూటీ ఎక్కాను! భద్రాచలం ముందు గోదావరి వంతెన మీద కళ్లు తెరిచే నిలబడ్డాను. పక్కన కమ్మీలు చకచకా వెనక్కి పోతున్నాయి. వికారం ఎంతుందా అని చూసుకున్నాను. పదికి రెండు!

"రాములన్నా, రెండే!" అని బస్సంతా వినపడేలా కేకేశాను.

ముందు సీట్లో పర్ణశాల వెళ్లే తాత కంగారుపడ్డాడు. "నేనొక్కన్నే గదా బిడ్డా, రెండు టికెట్లేంది?"

నవ్వు ఆగలేదు. నవ్వుతూనే ఏడ్చాను.

ఇప్పుడు రోజూ డ్యూటీ చేస్తున్నాను. నిద్ర చాలకపోయినా, జలుబు చేసినా పాత వికారం తొంగిచూస్తుంది. అలాంటి రోజు కూర్చునే టికెట్లు కొడతాను, సాయంత్రం వ్యాయామం మాత్రం మానను.

మీకూ ఇలా ఉండి, రిపోర్టులన్నీ నార్మల్ అంటే అక్కడితో ఆగిపోకండి. ఏ కదలికకు, ఎంతసేపటికి, పదికి ఎంత వికారం వస్తుందో వారం రోజులు కాగితం మీద రాయండి. ఆ కాగితం డాక్టర్ చేతిలో పెట్టి, చదివేదాకా అక్కడే కూర్చోండి.