పై ముడతా, కింది ముడతా

నేను చీరాలలో మగ్గాల ఇంట్లో పుట్టాను. మిరప చేలో మొదటిసారి అడుగుపెట్టింది ఇరవై ఏడేళ్ల వయసులో, అదీ పరిశోధన పేరుతో. అప్పుడు గుంటూరు దగ్గర ఒక విశ్వవిద్యాలయంలో భాషాశాస్త్రంలో పిహెచ్.డి. చేస్తున్నాను. మా గైడు గారు నన్నొక ఉమ్మడి ప్రాజెక్టులో చేర్చారు. మిర్చి రైతులు పురుగుమందు అన్నిసార్లు ఎందుకు కొడుతున్నారో తెలుసుకోవడం ఆ ప్రాజెక్టు పని. అందులో పురుగుల మీద పనిచేసే ప్రొఫెసరు గారొకరు, సోషియాలజీ మేడం ఒకరు ఉన్నారు. వాళ్లిద్దరూ ఇంగ్లీషులో రాసిన ప్రశ్నల్ని రైతులకు అర్థమయ్యే తెలుగులో పెట్టి, ఊళ్లు తిరిగి జవాబులు రాసుకురావడం నా వంతు.

ఆ ప్రశ్నల్లో ఒకటి: "మీ తోటకు ఆకు ముడత వచ్చిందా? వస్తే ఎన్నిసార్లు మందు కొట్టారు?" పత్రికల్లో వ్యవసాయం పేజీలు తిరగేసి మరీ 'ఆకు ముడత' అన్న మాట పట్టుకున్నాను. మేడం చదివి మెచ్చుకున్నారు కూడా.

చిలకలూరిపేట చుట్టుపక్కల మొదలుపెట్టి, బస్సుల్లో, షేర్ ఆటోల్లో పడమరగా పొదిలి దాకా వెళ్లాను. మూడు నెలలు. ఏ ఊళ్లోనూ కుదురుగా కూర్చున్నది లేదు. ఒక కాగితం నింపుతూనే ఇంకా ఎన్ని మిగిలాయో చూసుకునేదాన్ని. రైతు మాట పెంచబోతే "అవునా కాదా చెప్పండి బాబాయ్, చాలు" అనేదాన్ని. నింపిన కాగితాలు రెండు అట్టపెట్టెలయ్యాయి.

పొదిలికి అవతల ఒక ఊళ్లో, ఇక నాలుగైదు ఇళ్లు మిగిలాయనగా, ఒకావిడ ఎదురుపడింది. భర్త పోయాక తనే సేద్యం చేసుకుంటోంది. అరుగు మీద కూర్చుని కందిపప్పు చెరుగుతోంది. నా ప్రశ్న విని చేట పక్కన పెట్టింది.

"ఏ ముడతమ్మా? పై ముడతా, కింది ముడతా?"

నాకు అర్థం కాలేదు. "ముడత అంటే ముడతేగా అత్తా?"

"అట్టా ఎట్టా అవుద్ది? రా, చూపిస్తా."

చేను ఊరి పక్కనే. ఎండ మాడ్చేస్తోంది. ఒక మొక్క దగ్గర వంగి ఆకు చూపించింది. అంచులు పైకి లేచి దొప్పలా ఉంది. "ఇది తామర పురుగు. పై ముడత." నాలుగు సాళ్లు దాటి ఇంకో మొక్క. ఆకు బోర్లించిన దొప్పలా కిందికి ముడుచుకుంది. "ఇది నల్లి, కంటికి ఆనని పురుగు. కింది ముడత. దీని మందు వేరు, దాని మందు వేరు. తెలియక ఒకదానికి కొట్టేది ఇంకోదానికి కొడితే తగ్గదు. తగ్గలేదని మళ్లీ కొడతారు. మీరు అడిగేది అదే గదా?"

అవును, మేం అడిగేది అదే. మూడు నెలలుగా వెతుకుతున్న జవాబును నా ప్రశ్నే మింగేసింది.

బస్సులో కిటికీ పక్కన కూర్చున్నానే గాని దారి కనపడలేదు. హాస్టలుకు రాగానే పెట్టెలు విప్పి కాగితాలు నేల మీద పరిచాను. కొన్నిటి అంచుల్లో నా చేతిరాతే ఉంది: 'పైది అంటున్నారు', 'కిందిదట'. అంటే వాళ్లు చెప్పారు. ఒకరు కాదు, చాలామంది. నేను విని, అంచుకు తోసి, మధ్యలో 'అవును' అని రాసుకొచ్చాను.

పది రోజులు ఎవరికీ చెప్పలేదు. ప్రొఫెసరు గారి గది దాకా వెళ్లి మళ్లీ మెట్లు దిగివచ్చేదాన్ని. ఈలోగా మేడం నా జవాబులతో పట్టికలు గీసి, సదస్సుకు వ్యాసం సిద్ధం చేశారు. పంపే ముందు ఒకసారి చూడమని నాకిచ్చారు. మొదటి పేజీ దాటలేకపోయాను. ఆ కాగితం పట్టుకునే ఇద్దరి ముందూ నిలబడి జరిగింది చెప్పాను.

ప్రొఫెసరు గారు నెమ్మదిగా అన్నారు: "ఆ రెండూ వేరని నాకు తెలుసమ్మా. తెలుగు ప్రశ్నలు నేను చదవలేదు. భాష మీరు చూసుకుంటారు కదా అనుకున్నాను."

"పురుగుల సంగతి మీరు చూసుకున్నారు కదా అని నేననుకున్నాను సార్," అన్నారు మేడం. ఆవిడ గొంతులో కోపం ఉంది. అది నా మీదో, ఆయన మీదో తెలియలేదు. వ్యాసం మాత్రం వెనక్కి తీసుకున్నారు.

అప్పటికి తోటలు పీకేశారు. మళ్లీ పంట వచ్చేదాకా ఆగాల్సిందే. నా చదువు ఏడాది వెనక్కి పోయింది. ఆ వానాకాలమంతా ఒక చోట నిలవలేకపోయాను. పుస్తకం తెరిస్తే రెండో పేజీకే లేచి వరండాలో తిరిగేదాన్ని. నేను సగం విని వదిలేసిన మాటలు ఇంకెన్ని ఉన్నాయోనని ఒకటే గుబులు.

కొత్త ప్రశ్నలు రాశాక ముందు ఆ చేను చూపించినావిడ దగ్గరికే వెళ్లాను. ఈసారి ప్రొఫెసరు గారు, మేడం కూడా వచ్చారు. ఒక్కో ప్రశ్న చదువుతుంటే ఆవిడ ఇంకో మూడు చోట్ల ఆపింది. "మందు ఎవరు కొట్టారని అడుగుతున్నారు. ఏ మందో చెప్పిందెవరని అడగరేంది? మందుల కొట్లో ఆయన ఏది చేతికిస్తే అది కొడతారు మావాళ్లు." మేడం ఆ మాట అక్కడే, నిలబడే రాసుకున్నారు.

మిగతా ఊళ్లలో అంత తేలిగ్గా జరగలేదు. "మళ్లీ వచ్చావా? పోయినేడు చెప్పింది ఏం చేశావు?" అని ఒక పెద్దాయన గట్టిగానే నిలదీశాడు. "తప్పు రాసుకున్నాను బాబాయ్," అన్నాను. కాసేపు నన్ను ఎగాదిగా చూసి మంచం వాల్చాడు. ఆ రోజు ఆయన ఒక్కడి దగ్గరే మధ్యాహ్నం దాకా కూర్చున్నాను.

ప్రాజెక్టు పూర్తయింది. నా సిద్ధాంత గ్రంథం విషయం కూడా మారింది. పైరు జబ్బులకు రైతులు పెట్టుకున్న పేర్ల మీద రాశాను. మౌఖిక పరీక్షలో బయటి నుంచి వచ్చిన పరీక్షకులు కళ్లజోడు తీసి అడిగారు: "ఇంతకీ ఇది భాషాశాస్త్రమా, వ్యవసాయమా, సమాజశాస్త్రమా?"

"నాకూ తెలియదండీ. మూడింటిలో ఏదొక్కటి తీసేసినా తప్పు రాసేదాన్ని," అన్నాను. ఆయన తృప్తి పడినట్టు లేదు. అయినా డిగ్రీ ఇచ్చారు.

ఇప్పుడు నా దగ్గర ఇద్దరు విద్యార్థులు పరిశోధన చేస్తున్నారు. వాళ్లు నింపి తెచ్చిన కాగితాల్లో గళ్లన్నీ శుభ్రంగా ఉండి, అంచులు ఖాళీగా కనిపిస్తే నాకు మనసు నిలవదు. బస్సెక్కి వాళ్లతో పాటు వాళ్లు తిరిగొచ్చిన ఊరికి నేనూ వెళ్తాను.