చెప్పకుండా వదిలేసిన ఎనిమిదో పేజీ

మా బజారు పిల్లల్ని, షింకిన్ అనే మా ఊరి చిన్న సహకార బ్యాంకులో పనిచేసే ఇసోబె గారెవరని అడిగితే రాక్షసుడంటారు. ఏటా ఫిబ్రవరి మొదట్లో పిల్లల బడిలో గింజలు విసిరి రాక్షసుణ్ని తరిమే పండగకి ఎర్ర ముసుగు తగిలించుకుని వచ్చేది ఆయనే మరి. వేయించిన సోయా గింజలు గుప్పిళ్లతో కొడుతుంటే అమ్మో బాబో అంటూ నేలమీద దొర్లుతాడు. కోతల పండక్కి దేవుడి పల్లకి మోసేదీ ఆయనే, మోయగల కుర్రాళ్లు ఊళ్లో మిగల్లేదు కాబట్టి. మంచు పడితే తెల్లారేసరికి పార పట్టుకుని వీధి చివర ఉంటాడు. యాభై మూడేళ్ల మనిషి, పైగా మెడనొప్పి.

"ఇదేం బ్యాంకు ఉద్యోగమండీ, ఊరి చాకిరీ అంతా మీ నెత్తినే రుద్దారు!" అనేదాన్ని.

"ఊరుంటేనే కదక్కా మేముండేది. పెద్ద బ్యాంకులకి టోక్యో ఉంది, ఒసాకా ఉంది. మాకు మీ చేపలే దిక్కు."

మాది ఎండుచేపల కొట్టు. నెలనెలా పదో తారీఖున చిన్న మోటారు సైకిలు మీద వచ్చి, నేను దాచుకునే ముప్పై వేల యెన్లు కొట్లోనే తీసుకుని, రసీదు రాసిచ్చి వెళ్తాడు. ఇరవై రెండేళ్లుగా అంతే. టీ ఇస్తే రెండుసార్లు వద్దంటాడు, మూడోసారి ఒప్పుకుని రెండు కప్పులు తాగుతాడు.

ఆయన మంచివాడని చెప్పడానికే ఇదంతా. ఎందుకంటే తర్వాత చెప్పబోయేది వింటే ఆయన మీద మీకు కోపం రావచ్చు. నాకు ఇప్పటికీ ఉంది.

నా తమ్ముడి కూతురు చినామి ఆరో ఏట నా దగ్గరికొచ్చింది. తమ్ముడు పోయాడు, వాళ్లమ్మ ఎక్కడో హోటల్లో పనిచేసుకుంటూ ఏడాదికోసారి వచ్చి పోతుంది. పిల్ల నెమ్మది. ఏదైనా కావాలంటే అడగదు, కోపమొచ్చినా చూపించదు. అలాంటి పిల్లని పెంచడం సులువని అందరూ అంటారు. అది అబద్ధమని నాకు ఆలస్యంగా తెలిసింది. మొన్న మార్చిలో స్కూలు చదువు ముగించింది. ఏప్రిల్ నుంచి ఊళ్లోనే వృద్ధుల సంరక్షణాలయంలో ఉద్యోగం ఖాయమైంది.

పద్దెనిమిది నిండితే పెద్దవాళ్లేనని చట్టం మారాక, ఆ వయసు పిల్లలు సంతకం పెడితే పెట్టినట్టే. అమ్మానాన్నలు పరిగెత్తుకెళ్లి రద్దు చేయించడం కుదరదు. అందుకని మా హైస్కూల్లో చివరి ఏడాది పిల్లలకి డబ్బు గురించి ఒక గంట పాఠం చెప్పే పని బ్యాంకు తీసుకుంది. అంటే ఇసోబె గారు తీసుకున్నాడు. ఎనిమిది పేజీల కాగితాలు సొంతంగా తయారుచేసి, ముందు నా మీద ప్రయోగించాడు.

"మీరు పద్దెనిమిదేళ్ల పిల్లనుకోండక్కా."

"అనుకోవడానికి నాకేం ఖర్చు? కానివ్వండి."

ఇరవై ఒకటో ఏట ఆయన అప్పు చేసి ఎర్ర కారు కొన్నాడట. మూడేళ్లు అన్నంలో ముల్లంగి ఊరగాయ తప్ప ఇంకేం ఎరగడు. ఏ పిల్ల కోసం కొన్నాడో ఆ పిల్ల రోజూ బస్సులో తిరిగేవాణ్ని పెళ్లి చేసుకుంది. నేను నవ్వీ నవ్వీ మాకెరెల్ చేప ఒకటి కింద పడేశాను. "ఇది తప్పకుండా చెప్పండి, పిల్లలు పడి చస్తారు" అని నేనే సలహా ఇచ్చాను.

చెప్పాడు. పిల్లలు నవ్వారు. కానీ ఆ ఏడు మేనేజరు ఆయనకి ఇంకో పని కూడా పురమాయించాడు. చినామి వాళ్ల క్లాసులో ముప్పై ఒక్కమంది చేతా బ్యాంకులో ఖాతా తెరిపించాలి, ఒక్కరు తగ్గినా ఒప్పుకోనన్నాడు. చదువు పూర్తయిన కానుకగా స్కూలు అందరికీ సంతకం బదులు కొట్టే పేరు ముద్రలు చెక్కించి ఇచ్చింది. పిల్లలు కొత్త ముద్రలతో ఎక్కడ పడితే అక్కడ టపటపా కొట్టేస్తుంటే, తప్పు చోట కొట్టినవి మళ్లీ రాయిస్తూ చివరి పావుగంట గడిచిపోయింది. ఎనిమిదో పేజీ మిగిలిపోయింది. మీ ఖాతా, మీ కార్డు ఎవరికీ అద్దెకివ్వకండి, అమ్మకండి, అది నేరం అని ఉన్న పేజీ అది. బెల్లు కొడుతుంటే "ఇది ఇంటికెళ్లి చదువుకోండి" అన్నాడట.

చినామి ఆ కాగితాల్ని వేడి నూడుల్స్ గిన్నె కింద పెట్టుకుంది.

మార్చి నెలాఖరున, పదో తారీఖు కాని రోజున, మోటారు సైకిలు మా కొట్టు ముందాగింది. టీ పోస్తే ఆయన వద్దనలేదు, ముట్టుకోనూ లేదు.

"చినామి ఉందా అక్కా?"

పిల్ల వచ్చి నిలబడింది.

"చినామీ, నీ కార్డెక్కడమ్మా?"

"పోయిందండీ."

"ఎప్పుడు?"

నేల చూపులు చూసింది. ఆయన కసరలేదు. దానంతటదే చెప్పింది. ఫోన్లో ఎవరో పరిచయమయ్యారు. ఖాతా నెల్లాళ్లు వాడుకుని తిరిగిచ్చేస్తామన్నారు. కార్డు, రహస్య అంకె రాసిన చీటీ కలిపి పోస్టులో పంపింది. ముప్పై వేలు ఇచ్చారు.

"ముప్పై వేలు ఏం చేశావే?" అని అరిచాను.

"సూటు కొనుక్కున్నానత్తా. ఉద్యోగంలో చేరే రోజుకి."

నా పాత నల్ల సూటు నడుం దగ్గర కుట్టిస్తే సరిపోతుందని నేనే అన్నాను. అప్పుడు సరేనని తలూపింది. నన్నెవరో చాచి లెంపకాయ కొట్టినట్టయింది. మిగతాది ఇసోబె గారు చెప్పాడు. డెబ్బై తొమ్మిదేళ్ల ముసలావిడ ఎవరో, కొడుకు ఆపదలో ఉన్నాడని ఫోనొస్తే నమ్మి, ఆరు లక్షలు చినామి ఖాతాలో వేసిందట. ఆ సాయంత్రానికే అవి మాయం. ఆయన మా కొట్టుకొచ్చిన రోజు ఉదయమే ఖాతా ఆపేశారు. కార్డు చేతులు ఎలా మారిందో ఇసోబె గారు కాగితం మీద పెట్టాలి.

నాకు వెంటనే దారి కనిపించింది. పిల్లని లోపలికి పొమ్మన్నాను.

"పోయిందని రాయండి. అది మొదట చెప్పిన మాట అదే కదా!"

"అక్కా..."

"ఉన్నది రాస్తే దాని పేరు జాబితాకెక్కుతుంది. ఇంకే బ్యాంకూ గడప తొక్కనివ్వదు. జీతం ఎందులో వేస్తారు? రేపు ఇల్లు అద్దెకెవరిస్తారు? పద్దెనిమిదేళ్లండీ దానికి! ఇరవై రెండేళ్లలో మిమ్మల్ని ఒక్కటడిగానా?"

"ఆ ముసలావిడ కూడా అడుగుతోందక్కా."

"ఆవిడెవరో నాకు తెలీదు. చినామి తెలుసు మీకు. పల్లకి పండగలో మీ భుజాలెక్కి తిరిగిన పిల్ల."

ఆయన కళ్లు తుడుచుకున్నాడు. "ఎనిమిదో పేజీ నేను చెప్పలేదక్కా. ఖాతాలు తెరిపించే గొడవలో పడి వదిలేశాను. నా తప్పు."

"అయితే అదే రాయండి."

"అదీ రాస్తాను. ఇదీ రాస్తాను."

రెండూ రాశాడు. నేను కాళ్లావేళ్లా పడ్డా వినలేదు. స్కూల్లో పాఠం ఆయన చేతిలోంచి లాగేసుకున్నారు. ఖాతాల సంగతి పైకి రాసినందుకు మేనేజరు ఆయనతో మాట్లాడ్డం మానేశాడని బజారంతా అనుకున్నారు. నాకు జాలి వెయ్యలేదు.

చినామిని పోలీసులు పిలిచారు, ఇంకా పిలుస్తున్నారు. ఎన్నేళ్లు ఏ బ్యాంకూ ఖాతా ఇవ్వదో ఎవరినడిగినా చెప్పరు. సంరక్షణాలయం డైరెక్టరమ్మ దయగల మనిషి, ఉద్యోగం ఉంచింది. కానీ ఏప్రిల్ జీతం రోజున అందరికీ ఖాతాల్లో పడితే, చినామిని మాత్రం ఆఫీసులోకి పిలిచి కవరు చేతికిచ్చింది. మిగతావాళ్లు చూశారు. పిల్ల ఇంటికొచ్చి కవరు బల్ల మీద పెట్టి, స్నానాల గదిలోకి వెళ్లి చాలాసేపు రాలేదు.

ఆ డబ్బు ఇంట్లో ఎన్నాళ్లని ఉంచుతాం? నాకు తోచింది నేను చేశాను. మే పదో తారీఖున నా ముప్పై వేలూ, దాని లక్షా ముప్పై వేలూ ఒక్క కట్టగా చేసి ఇసోబె గారి ముందు పెట్టాను. ఆయన లెక్కపెట్టాడు.

"ఈసారి బాగా ఎక్కువుందక్కా."

"చేపలు బాగా అమ్ముడుపోయాయి."

అంతకు ముందు నెలంతా సముద్రం అల్లకల్లోలంగా ఉంది. సగం రోజులు పడవలే కదల్లేదు. అది ఆయనకీ తెలుసు. వేరేవాళ్ల సొమ్ము నా పేరున దాస్తే అదీ ఖాతా ఎరువివ్వడమేనని తెలిసిన మనిషి ఈ కొట్లో నేను కాక ఆయనొక్కడేనని అనుకున్నాను. అడుగుతాడేమోనని చూశాను.

అడగలేదు. నా మొహంలోకి చూడలేదు. రసీదు పుస్తకం తీసి, కలం మూత తీసి, రాయడం మొదలుపెట్టాడు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"రాయకండి, అవి నావి."

చినామి లోపలి గది గుమ్మంలో నిలబడి ఉంది. ఆ రోజు దానికి సెలవు.

"నువ్వు నోరు ముయ్యవే!" అన్నాను.

"అత్తా, నేను చేసింది ఇదేగా. మీ ఇద్దరూ కూడా చేస్తారా?"

వచ్చి కట్టలోంచి తన నోట్లు లెక్కపెట్టి వేరు చేసుకుంది. ముప్పై వేలు మాత్రం ఆయన ముందుకి జరిపింది. అప్పటికే ఆయన నా పేరు సగం రాశాడు. ఆ కాగితం చింపేశాడు. ఎనిమిదో పేజీ గురించి పిల్లకి ఏదో చెప్పబోయాడు.

"చదివానండీ," అంది చినామి. "ఇప్పుడు చదివాను."