ఏడును ఎనిమిది చేయడం

ఉప్పలగుప్తం దగ్గర ఒక రొయ్యల కంపెనీలో మా ఆయన కంప్యూటర్లు చూసేవారు. నేను అదే ఆఫీసులో బిల్లులు చేసేదాన్ని. ఆయన దగ్గర కొంత నేర్చుకున్నాను. ఆయన పోయాక ఆ పని నాకిమ్మని అడిగాను.

యజమాని నన్ను మొదటినుంచీ చెల్లెమ్మా అనేవారు. ఆ వరసన మా ఆయన ఆయనకు బావగారు. బావగారి మీద ఎంత హాస్యమైనా ఆడవచ్చు. మనిషి పోయినా ఆ హక్కు పోదని, పెద్దకర్మ అయ్యాక ఆఫీసుకు వెళ్ళిన రోజే తెలిసింది.

మా బిల్లుల ప్రోగ్రాము ఒకేసారి నలుగురినే లోపలికి రానిస్తుంది. లోపల ఎవరున్నారో సర్వర్ రాసుకునే లాగిన్ పట్టీ చూసి లెక్కపెడుతుంది. నేను రాని రోజుల్లో చోటు సరిపోయింది; ఆ రోజు నేను లోపలికి వెళ్ళాక మా గుమాస్తాను ప్రోగ్రాము రానివ్వలేదు. అతని చోటులో మా ఆయన పేరుంది. ఆయన కుర్చీలో ఒరిగిపోయినప్పుడు ఎవరో కంగారులో కంప్యూటర్లో నడుస్తున్న ఆయన పనిని బలవంతంగా ఆపేశారు. పని ఆగింది. ఆయన బయటికి వెళ్ళినట్టు మాత్రం పట్టీలో పడలేదు.

"చూసేరా చెల్లెమ్మా," అన్నారు యజమాని, అందరికీ వినబడేలా. "బావగారు బతికుండగా సీటు వదిలేవారు కాదు. పోయేకా వదల్లేదు."

"పిండం కాకి ముట్టలేదేమోనండీ," అన్నాడు గుమాస్తా.

అందరూ నవ్వారు.

"సాయంత్రంలోగా ఆయన్ని బయటికి పంపేరంటే ఆ సీటు మీదే. లేదంటే కాకినాడ నుంచి ఒకాయన వస్తానన్నాడు," అన్నారు యజమాని.

సర్వర్ ఆపి మళ్ళీ పెడితే ఆ పేరు పోతుంది. కాని రొయ్యలు నిల్వచేసే చల్లగదులను కనిపెట్టుకుని ఉండేదీ అదే. ఆపవద్దన్నారు. ఆయన పేరు పక్కనున్న ప్రాసెస్ నంబరు, అంటే ఆ పేరున నడిచే పని నంబరు చూసి, దాన్ని ముగించమని ఆదేశం ఇచ్చాను. అలాంటి ప్రాసెస్ లేదని జవాబు వచ్చింది. మళ్ళీ చూశాను. నిజంగానే లేదు. ముగించడానికి లోపల ఏమీ లేదు. పేరొక్కటే ఉంది.

పట్టీని చదవగలిగే అక్షరాల్లోకి మార్చి తెరిచాను. ప్రతి వరుస మొదట్లో ఒక అంకె. ఏడు అంటే లోపలున్న మనిషి. ఎనిమిది అంటే చనిపోయిన ప్రాసెస్. మాన్యువల్‌లో ఉన్న మాట అదే. ఆ ఆఫీసులో ఆయన గురించి ఆ రోజు విన్న మాటలన్నిటిలోకీ అదే మర్యాదగా తోచింది.

ఆయన వరుసలో ఏడు చెరిపి ఎనిమిది కొట్టాను. పట్టీని తిరిగి దాని చోట పెట్టాను. గుమాస్తా లోపలికి వెళ్ళగలిగాడు.

యజమాని వచ్చి నా వెనక నిలబడ్డారు. "ఏం చేసేరు?"

"ఏడును ఎనిమిది చేశానండీ."

"అంతేనా?"

"అంతేనండీ."

"దీనికి మళ్ళీ ఓ మనిషెందుకు చెల్లెమ్మా? కాకినాడ ఆయన్నీ రావద్దందాం. మీరు బిల్లులే చూసుకోండి. ఈసారి ఇలాగొస్తే మనవాడు కొట్టేస్తాడు. ఏరా, కొట్టగలవా?"

"ఆయ్. ఏడు తీసి ఎనిమిదే కదండీ," అన్నాడు గుమాస్తా.

నా లాగిన్ మూసేశాను. పట్టీలో నా పేరుందేమో చూడమని గుమాస్తాను అడిగాను. లేదన్నాడు. సంచీ తీసుకుని గుమ్మం దగ్గరికి వచ్చాను.

"వెళ్తానండీ," అన్నాను.

యజమాని చప్పున తలెత్తారు. "అదేం మాట చెల్లెమ్మా, అశుభం! వెళ్ళొస్తాననండి."

నేను మాట మార్చలేదు.