పద్నాలుగు నుంచి పదికి

డిగ్రీ బాబాయ్ పదో తరగతి రెండుసార్లు తప్పాడు. అయినా ఆ హోటల్లో అందరూ ఆయన్ని డిగ్రీ అనే పిలుస్తారు. వంటవాళ్ళు, గిన్నెలు తోమేవాళ్ళు, ఏళ్ళ తరబడి వచ్చిపోయే అతిథులు, అందరూ. వైన్ సీసాని మెడ దగ్గర రెండు వేళ్ళతో పట్టుకుని, ఒక్క క్షణం కళ్ళు మూసుకుని, "తొమ్మిది" అంటాడు. థర్మామీటర్ పెట్టి చూస్తే తొమ్మిదే ఉంటుంది. మహా అయితే అర డిగ్రీ అటూ ఇటూ.

ఆయన మాత్రం ఒక్క చుక్క తాగడు. అదేమిటని ఎవరైనా అడిగితే, "పెళ్ళిళ్ళ పేరయ్య తను కుదిర్చిన ప్రతి పిల్లనీ తనే చేసుకుంటాడా?" అంటాడు.

హోటల్‌కి రాకముందు ఎనిమిదేళ్ళు ఐస్ ఫ్యాక్టరీలో దిమ్మలు మోశాడు. చలి అంటే ఏమిటో చేతులకి అక్కడే తెలిసింది. మిగతాది హోటల్లో నేర్చుకున్నాడు. నురగ వచ్చే వైన్ ఏడు డిగ్రీల దగ్గర పోయాలి. తెల్లది పది. పల్చటి ఎర్రది పద్నాలుగు. చిక్కటి ఎర్రది పదిహేడు. మరీ చల్లబడితే వైన్ ముడుచుకుని పడుకుంటుంది, వాసనా ఉండదు, రుచీ ఉండదు. వేడెక్కితే నోరు పారేసుకుంటుంది, ఘాటు తప్ప ఇంకేమీ తెలియదు. ఇరవై రెండేళ్ళుగా కొత్తగా చేరిన ప్రతి సర్వర్‌కీ ఆయన చెప్పే మొదటి మాట ఒకటే: "చేతికి తెలియనివాడు సీసా జోలికి రాకూడదు."

ఆ మాటే చివరికి ఆయన మెడకి చుట్టుకుంది.

ఒక మంగళవారం మధ్యాహ్నం. కిటికీ పక్క బల్ల దగ్గర పళ్ళ డాక్టరమ్మ కూర్చుంది. పదేళ్ళుగా ప్రతి మంగళవారం అదే బల్ల, అదే చేప, అదే తెల్ల వైన్. బాబాయ్ సీసా పట్టుకున్నాడు, పది అనుకున్నాడు, పోశాడు. ఆవిడ ఒక గుక్క తాగి గ్లాసు కింద పెట్టింది.

"బాబాయ్, దీన్ని ఎండలో పెట్టి తెచ్చావా?"

నవ్వేసి, ఇంకో సీసా తెస్తానని ఆ గ్లాసూ సీసా తీసుకుని లోపలికి వెళ్ళాడు. మాంసం ఉడికిందో లేదో చూసే థర్మామీటర్ వంటవాడి దగ్గర అడిగి తీసుకుని గ్లాసులో ముంచాడు. పదహారు. సీసాని మళ్ళీ పట్టుకున్నాడు. వేళ్ళు ఏమీ చెప్పలేదు. వేడి అనలేదు, చలి అనలేదు. చేతికి ఎవరో మందపాటి గుడ్డ చుట్టినట్టుంది.

ఇంట్లో భార్యకి చెబితే ఆవిడ ఆశ్చర్యపోలేదు.

"నాకు రెండు నెలల కిందటే అనుమానం. పొయ్యి మీద గిన్నె ఉత్త చేత్తో దించారు. నేను కెవ్వుమన్నాను, మీకు ఉలుకూ లేదు పలుకూ లేదు. డాక్టర్ దగ్గరికి పదండీ అంటే వింటేగా!"

ఈసారి విన్నాడు. డాక్టర్ షుగర్ కాగితాలు చూసి, వేళ్ళ చివర్ల పిన్నుతో గుచ్చి చూసి, నరాలు దెబ్బతిన్నాయన్నాడు. ముదరకుండా చూసుకోవచ్చు కానీ పోయిన స్పర్శ తిరిగొస్తుందన్న ఆశ పెట్టుకోవద్దని మొహం మీదే చెప్పేశాడు.

ఆ వారంలోనే ఇంకో బల్ల దగ్గర ఎర్ర వైన్ మంచులా ఉందని గొడవైంది. యజమానురాలు ఆయన్ని గదిలోకి పిలిచింది. ఆవిడది చెడ్డ మనసు కాదు. మాట మాత్రం కత్తిపీట.

"తలుపు దగ్గర కుర్చీ వేయిస్తాను బాబాయ్. వచ్చేవాళ్ళకి తలుపు తియ్యి, గొడుగులు అందుకో. సీసాలు మీ బావమరిది చూసుకుంటాడు."

బావమరిదిని ఆ హోటల్లో పెట్టించింది బాబాయే. కుర్రాడు చురుకైనవాడు. ఇస్త్రీ నలగదు, నవ్వు చెదరదు. కానీ చల్లగా ఉందా లేదా అన్నది తప్ప చలిలో ఇంకేమీ తెలియదు వాడికి.

"ఆదివారం భోజనం దాకా ఆగండి మేడమ్," అన్నాడు బాబాయ్.

ఆదివారం మధ్యాహ్నం పళ్ళ డాక్టరమ్మ విందు ఉంది. పన్నెండు మంది, నాలుగు రకాల వైన్లు. యజమానురాలు కాసేపు పెన్నుతో బల్ల మీద కొట్టింది.

"నాలుగూ సరిగ్గా ఉంటే సీసాలు నీవే. ఒక్కటి తప్పినా సోమవారం నుంచి తలుపు. ఇంకోటి. అతిథుల ముందు ఆ జ్వరం పుల్ల బయటికి తీయకు. ఇది హోటల్, ఆసుపత్రి కాదు."

పుల్ల తీయాలని ఆయనకీ లేదు. నలుగురి ముందు సీసాకి థర్మామీటర్ పెట్టడమంటే నాకు చేతకాదని చాటింపు వేసుకోవడమే అనుకున్నాడు. చేతికి తెలియకపోతే పోయింది, గడియారానికి తెలుస్తుందిగా? ఏ సీసా ఎన్ని నిమిషాల్లో ఎంత చల్లబడుతుందో కొలిచిపెట్టుకుంటే చాలు.

ఆ రాత్రి నుంచి వాళ్ళ ముందుగది ఫ్యాక్టరీ అయిపోయింది. వంటవాడి థర్మామీటర్ అడిగి ఇంటికి తెచ్చుకున్నాడు. ఖాళీ సీసాల్లో నీళ్ళు నింపాడు. బట్టలు నానబెట్టే టబ్బులో ఐసూ నీళ్ళూ సగం సగం పోసి గుప్పెడు ఉప్పు వేశాడు. భార్య కుట్టుమిషన్ ముందు కూర్చుని గడియారం చూస్తూ, ఆయన చెప్పిన అంకెలు తన కొలతల పుస్తకంలోనే రాసింది. పక్కింటావిడ జాకెట్టు నడుము ముప్పై నాలుగు, దాని కిందే ఎర్రది పదిహేడు.

"పొరపాటున ఆవిడ జాకెట్టు పదిహేడుకి కుట్టేవు," అన్నాడు.

"నేను చూసుకుంటాలెండి. మీరు సీసా తిప్పండి."

నాలుగు రోజుల్లో లెక్క తేలింది. హోటల్ మెట్ల కింద అలమరలో ఎప్పుడూ ఇరవై రెండు డిగ్రీలు. అక్కడి నుంచి తీసిన సీసా ఐసు నీళ్ళలో చిక్కటి ఎర్రదైతే ఐదు నిమిషాలు, పల్చటి ఎర్రదైతే తొమ్మిది, తెల్లదైతే పదిహేను, నురగదైతే ఇరవై ఐదు. కాగితం ముక్క మీద రాసుకుని, బట్టీ పట్టి, ఆ ముక్కని చించేశాడు.

శనివారం పడుకోబోయే ముందు భార్య థర్మామీటర్ తెచ్చి ఆయన కోటు లోపలి జేబులో పెట్టింది.

"ఇదెందుకే?"

"ఉండనివ్వండి. టేపు మెడలో వేసుకుని తిరుగుతున్నానని నన్నెవరైనా చేతకాని దర్జీ అన్నారా?"

"అదీ ఇదీ ఒకటేనా!" అని అటు తిరిగి పడుకున్నాడు. జేబులోంచి తీయలేదు మాత్రం.

ఆదివారం మొదటి సీసాలు బాబాయ్ వంటగది పక్కనే స్వయంగా చల్లబరిచాడు. ఇరవై ఐదు నిమిషాలు, క్షణం ఎక్కువ లేదు, తక్కువ లేదు. నురగ వైన్ పోశాడు, పన్నెండు మందీ తాగారు, ఎవరూ మొహం చిట్లించలేదు. తెల్ల వైన్ సీసాలు మాత్రం భోజనాల గదిలోనే, స్టాండ్ల మీది వెండి బకెట్లలో పెట్టాలి. ఆ పని బావమరిదిది. వాడు పెట్టిన నిమిషం చూసుకుని, పదిహేను నిమిషాలు లెక్కపెట్టి, బాబాయ్ బకెట్ దగ్గరికి వెళ్ళాడు. అప్పటికే చేప పళ్ళేలు బల్ల మీదికి వస్తున్నాయి.

బకెట్లో ఐసు కొండలా మెరుస్తోంది. కింద చుక్క నీరు లేదు.

"నీళ్ళేవిరా?" అన్నాడు గొంతు తగ్గించి.

"పోయలేదు బావా. పోయిన వారం సీసా తీసినప్పుడల్లా కారి ముగ్గురి చొక్కాలు తడిశాయి. ఉత్త ఐసైతే ఎంత దర్జాగా ఉందో చూడు!"

దర్జాగానే ఉంది. కాకపోతే ఐసు ముక్క సీసాకి ఒక మూల తగులుతుంది, మిగతాదంతా గాలి. నీళ్ళయితేనే సీసాని ఒళ్ళంతా వాటేసుకుంటాయి. ఉత్త ఐసులో పదిహేను నిమిషాలంటే ఎంతో బాబాయ్ కొలవలేదు. కొలవాలని తట్టనే లేదు, ఎందుకంటే ఇరవై రెండేళ్ళలో నీళ్ళు లేని బకెట్ ఆయన చూడలేదు. గడియారం చేతులెత్తేసింది.

"పట్టుకుని చెప్పు బావా. డిగ్రీవి నువ్వేగా?"

బాబాయ్ సీసా మెడ పట్టుకున్నాడు. గట్టిగా నొక్కాడు. ఏమీ లేదు. బావమరిది ఆయన మొహం చూశాడు. వాడి నవ్వు మొదటిసారి చెదిరింది.

"నన్ను చూడమంటావా?" అన్నాడు మెల్లగా. పట్టుకుని చూశాడు. "చల్లగానే ఉంది బావా."

"చల్లగా ఉందని పిల్లి కూడా చెబుతుంది."

పోసేయొచ్చు. పదకొండో పన్నెండో అయ్యుంటుందిలే అని కళ్ళు మూసుకుని పోసేయొచ్చు. దొరికితే దొంగ, దొరక్కపోతే దొర. ఇన్నేళ్ళలో ఆయన అందాజుగా ఒక్క గ్లాసు కూడా పోయలేదు. డాక్టరమ్మ గ్లాసు ముందుకి జరిపి ఎదురుచూస్తోంది. అవతల గుమ్మం దగ్గర యజమానురాలు నిలబడి ఉంది.

బాబాయ్ సీసా మూత తీశాడు. చిన్న గ్లాసులో రెండు వేళ్ళ ఎత్తు పోశాడు. కోటు లోపలి జేబులోంచి థర్మామీటర్ తీసి, అందరి ముందూ, గ్లాసులో పెట్టాడు.

పన్నెండు తలలూ ఇటు తిరిగాయి.

"పద్నాలుగు," అన్నాడు గట్టిగా. "ఇది పదికి రావాలి. ఐదు నిమిషాలు ఆగండి."

ఎవరి జవాబు కోసమూ చూడలేదు. బల్ల మీది మంచినీళ్ళ జగ్గు తీసి బకెట్లో వంపాడు. ఉప్పు డబ్బా మూత విప్పి మొత్తం కుమ్మరించాడు. సీసాని అందులో దించి గుండ్రంగా తిప్పడం మొదలుపెట్టాడు. నీళ్ళు చింది తెల్లగుడ్డ తడిసింది. తడిస్తే తడిసింది.

"ఒరేయ్, పళ్ళేలన్నీ లోపలికి తీసుకెళ్ళి పొయ్యి దగ్గర మూతపెట్టి ఉంచు. రెండో బకెట్లోనూ నీళ్ళు పొయ్యి."

బావమరిది పళ్ళేలు అందుకున్నాడు. యజమానురాలు బల్ల చుట్టూ తిరిగి వచ్చి ఆయన చెవి దగ్గర వంగింది.

"నీకేం చెప్పాను?"

"చెప్పారు మేడమ్. నేనూ అందరికీ అదే చెబుతూ వచ్చాను. తప్పు చెప్పాను." చెయ్యి మాత్రం ఆపలేదు. "నా వేళ్ళు పోయాయి. షుగర్. పట్టుకుంటే ఏమీ తెలియడం లేదు. కొలిచి పోస్తాను. కొలవకుండా పోయమంటే తలుపు దగ్గరే కూర్చుంటాను."

గుసగుసగా చెప్పాలనుకున్నాడేమో, బల్ల మొత్తానికీ వినిపించింది. చివర కూర్చున్న లావుపాటాయన గడియారం చూసుకున్నాడు.

"ఈ మాత్రం దానికి ఇంత తతంగమా? కడుపులోకి పోయాక అన్నీ ఒకటే. పోసెయ్యవయ్యా."

పళ్ళ డాక్టరమ్మ తన గ్లాసు తీసి బల్ల మీద బోర్లించింది.

"కడుపులోకి పోయాకే ఒకటి. పోయేముందు నోరు తగుల్తుంది. పదికి రానివ్వండి."

ఆవిడ పక్కనున్నావిడ కూడా గ్లాసు బోర్లించింది. మూడో ఆయన నవ్వుతూ బోర్లించాడు. లావుపాటాయన అటూ ఇటూ చూసి, గొణుక్కుంటూ, చివరికి తనదీ బోర్లించాడు.

ఐదు నిమిషాలు. పన్నెండు మంది ఒక మనిషి సీసా తిప్పడం చూస్తూ కూర్చున్నారు. మళ్ళీ చిన్న గ్లాసులో పోసి కొలిచాడు. పదకొండు. ఎవరో నిట్టూర్చారు. మళ్ళీ దించాడు, ఇంకో నిమిషం తిప్పాడు, కొలిచాడు.

"పది."

డాక్టరమ్మ గ్లాసు నిలబెట్టింది. పోశాడు. ఆవిడ వాసన చూసి, ఒక గుక్క తాగి, వేడివేడిగా తిరిగొచ్చిన చేప ముక్క నోట్లో పెట్టుకుంది. గ్లాసు ఖాళీ చేసింది. ఖాళీ గ్లాసు మళ్ళీ ముందుకి జరిపింది, అంతే.

ఎర్రవి రెండూ కూడా అలాగే, కొలిచే పోశాడు. పదిహేడు దగ్గర లావుపాటాయనే లేచి వచ్చి, కళ్ళద్దాలు పెట్టుకుని అంకె చదివి, "పదిహేడే!" అని అందరికీ చాటాడు.

అతిథులు వెళ్ళాక యజమానురాలు తడిసిన బల్లగుడ్డ చేత్తో పిండి చూసింది.

"ఉతికించడం నీ వంతు," అంది. తర్వాత ఆగి, "ఆ పుల్ల వంటవాడిదా? వాడిది వాడికి ఇచ్చెయ్. సీసాలకి వేరే తెప్పిస్తాను," అంది.

బావమరిది బకెట్లు తుడుస్తూ దగ్గరికి వచ్చాడు. "బావా, నీళ్ళ సంగతి నాకు నిజంగా తెలీదు. నువ్వెప్పుడూ చెయ్యి గురించే చెప్పావు."

అది నిజమే. నీళ్ళ గురించి ఎవరికీ ఎప్పుడూ చెప్పలేదు.

"రేపు పొద్దున్నే మా ఇంటికి రా. మీ అక్క దగ్గర కొలతల పుస్తకం ఉంది, రాసుకో. ఉత్త ఐసులో ఎంత పడుతుందో అది కూడా కొలుద్దాం."

ఇంటికి వెళ్ళాక కోటు విప్పి భార్య ఒళ్ళో పడేశాడు.

"దీనికో జేబు కుట్టాలి. సన్నగా, నిలువుగా."

"లోపలి జేబు ఉందిగా?"

"లోపల కాదు. పైన. బల్ల అవతల కూర్చున్నవాళ్ళకి కూడా కనబడాలి."

ఆవిడ మెడలో టేపు తీసింది. "పొడవెంత?"

బాబాయ్ చొక్కా జేబులోంచి థర్మామీటర్ తీసి ఆవిడ చేతికిచ్చాడు. "కొలుచుకో."