బోధన్ కాలువలో ఒంటరి అల

వచ్చే నెల రిటైరవుతున్నాను. పక్కపక్కనే పెట్టిన రెండు గాజు తీగల్లో వెలుగు ఎలా నడుస్తుందన్నది నా పదేళ్ల పని. మామూలు వెలుగు పోనుపోను చెదిరిపోతుంది. కొన్ని వెలుగు అలలు మాత్రం రూపం చెడకుండా ఎంతో దూరం పోతాయి, వాటిని సాలిటాన్లంటారు. దీన్ని చివరిదాకా విన్న మనిషి ఇంతవరకు లేడు. మా ఆవిడ మూడో స్లైడుకే గురక పెట్టింది. అందుకే బోధన్‌లో ఒక కాలేజీవాళ్లు సెమినార్‌లో నలభై నిమిషాలు ఇస్తామనగానే ఎగిరి గంతేశాను.

నిజామాబాద్ బస్టాండులో ఎనిమిదీ పదికి బస్సెక్కాను. పక్క సీట్లో బీడీ ఆకు మూటతో ఒకావిడ. ఎక్కడికని అడిగితే, బోధన్‌కి, వెలుగు గురించి మాట్లాడటానికన్నాను.

"కరెంటాఫీసా సారూ? మా గల్లీల మూడొద్దులాయె, బుగ్గ ఎలుగుతలేదు," అంటూ ఎడపల్లి దాకా నన్ను నిలదీసింది. ఆ బల్బుకూ నాకూ సంబంధం లేదంటే వినదే!

పదింటి సెమినార్ పన్నెండుకు మొదలైంది, ముఖ్య అతిథి రావాలి కదా. ప్రసంగించినట్టు సర్టిఫికెట్ మాత్రం గుమ్మంలోనే చేతికిచ్చారు. వేదిక మీద పదకొండు మందిమి. అందరికీ శాలువాలు కప్పారు. కప్పినవాళ్లు చిన్నబుచ్చుకోకుండా వాళ్లకూ కప్పారు. రెండు తీగలు దగ్గరగా ఉంటే బలహీనమైన వెలుగు పక్కదాంట్లోకి జారిపోతుంది. నా నలభై నిమిషాలూ అలాగే పక్క కుర్చీలోని ముఖ్య అతిథికి జారిపోయాయి.

నేను లేచేసరికి ప్రిన్సిపాల్ చెవిలో అన్నాడు: "సార్, రెండు ముక్కల్ల చెప్పుండ్రి. బిర్యానీ సల్లారుతది."

కృతజ్ఞతలు అన్న ఒక్క ముక్కే చెప్పాను. బిర్యానీ బాగుంది, ఒళ్లు మండుతున్నా రెండుసార్లు పెట్టించుకున్నాను.

మూడింటి బస్సు కాలువ వంతెన దగ్గర పంచరైంది. గట్టు మీద గేట్లు చూసే లష్కర్ బీడీ కాలుస్తున్నాడు. నా శాలువా చూసి, "సన్మానమా సార్?" అన్నాడు. కడుపుమంటంతా ఆయన ముందు కక్కేశాను, సాలిటాన్లతో సహా.

ఆయన కాలువకేసి చూపించాడు. "గట్లాంటిది ఈడ గూడ ఉంటది. గేటు ధన్‌మని దించితె నీళ్లు అలలెక్క ఉబ్బి ఎగువకు పోతయ్. ఎగువ గేటు ఎత్తితె అటుకెల్లి ఇంకోటొస్తది. రెండు ఎదురైనా ఆగయ్ సార్, దాటుకొని పోతయ్. దేని రూపు దానిదే."

నా పరిశోధనలో ఇరవయ్యో పేజీ అది.

"మరి గాజు తీగల గేటు ఎవరు దించుతరు సార్?" అన్నాడు.

పదేళ్లలో నా పని మీద ఎవరైనా అడిగిన మొదటి ప్రశ్న. కళ్లు చెమర్చాయి. ఇంతలో టైరు మార్చిన డ్రైవర్ హారన్ కొట్టాడు. మీరు పొండని చెయ్యి ఊపి, గట్టు మీద శాలువా పరిచి ల్యాప్‌టాప్ తెరిచాను.

తరువాతి బస్సు ఇంకో గంటకు ఉందట. నాకు నలభై నిమిషాలు చాలు.