ఈతకని వెళ్తే ఈతవనంలో దించాడు

మా అమ్మాయి కాలేజీ ఎన్.సి.సి. క్యాంపులో ఈత కూడా నేర్పుతారట. అత్తమ్మ ససేమిరా అన్నారు. "తల్లికే నీళ్ళంటే వణుకు, పిల్లను పంపుతదట!" ఆ మాట నన్ను పొడిచింది. నేను రెండు వేసవులు స్నేహితురాలి పొలం బావిలో ఈత నేర్చుకున్నదాన్ని. "చెరువులో ఈది వస్తే పంపుతారా?" అన్నాను. "ముందుగాల నువ్వు మంచిగ తిరిగి రా" అన్నారు. వస్తానని మాటిచ్చాను. ఇచ్చానే గానీ, పంతానికి పోతున్నానా అన్న అనుమానం మా పేట మట్టెవాడ దాటకముందే మొదలైంది.

వరంగల్‌లో పొద్దుటి ప్యాసింజర్ ఎక్కితే కాజీపేట మీదుగా, చెరువున్న స్టేషన్ ఘన్‌పూర్‌కు ఎంతో సేపు పట్టదు, టికెట్టూ భారం కాదు. స్టేషన్ బయట రిక్షా అతను ఎక్కడికని అడిగితే "ఈతకు" అన్నాను. ఎగాదిగా చూసి, "ఎక్కుండ్రి. పొద్దుగాల్నే వచ్చిండ్రు, తాజాది దొరుకుతది" అన్నాడు. నీళ్ళ సంగతేమో అనుకున్నాను. తీసుకెళ్ళి ఈతచెట్ల మధ్య, కల్లు కుండల ముందు దించాడు.

అక్కడ కల్లు పోస్తున్న లచ్చమ్మది నా ఈడే. "కూసో వదినె, మా ఆయన ఇప్పుడే దించిండు."

"నేనొచ్చింది చెరువులో ఈతకు!"

ఆమె కడుపుబ్బ నవ్వింది. "ఆడోళ్ళు చెర్ల ఈతకొడ్తరా?"

"కల్లుకొస్తే కూర్చోమన్నావు, ఈతకొస్తే తప్పా?"

"గదీ నిజమే" అని కుండ మీద మూత పెట్టి లేచింది.

చెరువు ఆ వెనకే. ముందు మట్టి తవ్విన గుంతలు ఎటున్నాయో అడిగాను. మోకాలి లోతు పక్కనే నిలువు లోతు ఉంటుంది, పైకి తెలియదు. అవీ తూమూ లేని ఒడ్డు లచ్చమ్మ చూపించింది. చీర విప్పి, లోపల వేసుకొచ్చిన మా అమ్మాయి పంజాబీ డ్రెస్సుతో నిలబడ్డాను. లచ్చమ్మ తన భర్త చెట్టెక్కే మోకు తెచ్చి, దానికి ఇంకో చేంతాడు ముడేసింది. అతను అరిచాడు: "ఆడోళ్ళు మోకు దాటొద్దే!"

"దాటుత లేదు, కట్టుకుంటాంది" అంటూ నా నడుముకు బిగించింది.

మాఘమాసపు నీళ్ళు ఎముకల్ని కొరికాయి. ఎదురుగా ఉన్న బండను ముట్టుకుని రావాలనుకున్నాను. సగం దూరంలో పిక్క పట్టేసింది. మా వెంటే వచ్చిన రిక్షా అతను ఒడ్డు నుంచి, "గంతేనా అమ్మా? బండ గదే కనబడతాంది, పో!" అని ఎగేస్తున్నాడు. ఒక్క క్షణం పోదామనే అనిపించింది. పోలేదు. వెల్లకిలా తిరిగి తేలాను. లచ్చమ్మ తాడు మెల్లగా లాగింది.

"బండ అంటకపోతిరి!" అన్నాడు అతను.

"అంటుతానని ఎవరికీ మాటివ్వలేదు. తిరిగి వస్తానని ఇచ్చాను."

సాయంత్రం అత్తమ్మ నా తడి జడ పట్టుకుని చూశారు. "ఎంత దూరం పోయినవ్?" సగమే అన్నాను. జడ వదిలి తువ్వాలు అందించారు. "సగంల మళ్ళేటి బుద్ధి దానికీ నేర్పు. క్యాంపుకు పోనీ" అన్నారు.

ధైర్యమంటే ఏమిటో నాకిప్పటికీ పూర్తిగా తెలియదు. ఆడవాళ్ళు నీళ్ళలోకి దిగకూడదన్న మాటను మాత్రం ఇక వినను. దిగాక ముందుకే పోవాలన్న మాటనూ వినను. మీరు వెళ్తే తాడు రెండో కొస ఒడ్డున నమ్మకమైన చేతిలో ఉంచండి. రిక్షా ఎక్కేటప్పుడు మాత్రం "చెరువుకు" అని చెప్పండి.